తుపాకీ పట్టినవాళ్ళు పాలిస్తే అది ప్రభుత్వమవుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతూ చాలా ఏళ్ళయింది. రాజ్యం, అధికారం, న్యాయబద్ధత అనే పాఠం వచ్చిన ప్రతిసారీ క్లాసు వేడెక్కుతుంది. కోవెలకుంట్ల వైపు నుంచి వచ్చే అబ్బాయికీ, ఆత్మకూరు నుంచి బస్సులో వచ్చే అమ్మాయికీ ఇది పుస్తకంలో చదివిన సంగతి కాదు, ఇంట్లో పెద్దవాళ్ళ నోట విన్న సంగతి. బెల్లు కొట్టాక వరండాలో నిలబెట్టి అడిగిన ప్రశ్నలే ఇక్కడున్నాయి. అప్పుడు హడావుడిగా చెప్పిన జవాబులు నాకే తృప్తినివ్వలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాశాను.

మేడమ్, తాలిబన్లు, హమాస్ ఎక్కడో ఉన్నారు. ఆ గొడవ రాయలసీమ వాళ్ళకెందుకు?

ఈ గొడవ మనకు కొత్తది కాదు. 1565లో తళ్ళికోట యుద్ధంతో విజయనగరం చెదిరిపోయాక ఇక్కడ ఎవరి కోట వాళ్ళదే అయింది. ఒక్కో పాళెగానికి కొన్ని ఊళ్ళు, ఒక మట్టికోట, ఆయుధం పట్టిన కొన్ని వందల మంది. శిస్తు వసూలు చేసింది వాళ్ళే, తగాదాలు తీర్చిందీ వాళ్ళే. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే మనవి దత్తమండలాలయ్యాయి. ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఎదురైన మొదటి చిక్కు ఈ పాళెగాళ్ళే. ఎనభై మంది ఉండేవాళ్ళని చెబుతారు.

వాళ్ళ ఏలుబడిలో కావలి అని ఒక పద్ధతి ఉండేది. ఊరు పాళెగానికి కావలి రుసుం కట్టాలి. బదులుగా ఊళ్ళో దొంగతనం జరిగితే పోయిన సొమ్ము అతనే వెతికిపెట్టాలి, దొరక్కపోతే నష్టం తానే కట్టాలి. వింటే మంచి ఏర్పాటే అనిపిస్తుంది, మన ఇన్సూరెన్సు లాగా. కానీ రుసుం కట్టని ఊరి మీద రాత్రిపూట పడే దొంగలు ఎవరి మనుషులు? కాపలా కాసే చెయ్యి, భయపెట్టే చెయ్యి ఒకటే అయినప్పుడు ఊరివాళ్ళు కట్టింది పన్నా, ప్రాణాలకు కట్టిన వెలా? మా పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

మన్రో వాళ్ళ సైన్యాలను రద్దు చేశాడు, కోటలు ఖాళీ చేయించాడు, కొందరికి పింఛను ఇచ్చాడు, కొందరిని ప్రాంతం నుంచే వెళ్ళగొట్టాడు. ఇది చెప్పగానే పిల్లలు ‘అప్పుడు చట్టం వచ్చింది’ అంటారు. అక్కడే ఆగి ఆలోచించమంటాను. కంపెనీ కూడా వ్యాపారానికి వచ్చి, ఆయుధం పట్టి, శిస్తు వసూలు చేసిన సంస్థే కదా. దత్తమండలాల రైతులను ఎవరైనా అడిగి ఇచ్చారా దానికి ఆ హక్కు? పెద్ద తుపాకీ చిన్న తుపాకీని ఓడించింది. అంతమాత్రాన పాలించే హక్కు దానికి దక్కినట్టేనా?

ఎలాంటి గుంపులు ఈ చర్చ కిందికి వస్తాయి?

బ్యాంకు కొల్లగొట్టి పారిపోయేవాళ్ళు రారు. చేతిలో ఆయుధం ఉండాలి, ఒక ప్రాంతం మీద పట్టు ఉండాలి, అక్కడి జనానికి పన్ను వేసి, తీర్పులు చెప్పి, రోజువారీ బతుకును నడిపిస్తుండాలి. శ్రీలంకలో కిలినొచ్చి కేంద్రంగా 2009 వరకు ఎల్‌టీటీఈ, 2014 నుంచి యెమెన్ రాజధాని సనాలో హౌతీలు, మయన్మార్‌లో వా తెగ సైన్యం, 2007 తర్వాత గాజాలో హమాస్, దండకారణ్యంలో మావోయిస్టుల జనతన సర్కార్. ఇవన్నీ ఒక గాటన కట్టేవి కావు. కానీ అన్నింటినీ ఒకే ప్రశ్న అడగొచ్చు.

చట్టబద్ధత, న్యాయబద్ధత ఒకటేనా?

కాదు. చట్టబద్ధత కాగితం మీద ఉంటుంది: రాజ్యాంగం ఒప్పుకుందా, కోర్టు ఒప్పుకుందా. న్యాయబద్ధత పాలనలో ఉన్న మనిషి మనసులో ఉంటుంది: ‘వీళ్ళ మాట నేను వినడం సబబే’ అనిపించడం. భయపడి వినడం వేరు, సబబని వినడం వేరు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి, అదే చిక్కు.

రాజ్యం అంటే ఏమిటో చెబుతూ జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1919లో ఇచ్చిన ఉపన్యాసం మా పాఠంలో ఉంది. పేపర్లు దిద్దేటప్పుడు ప్రతి ఏడూ ఒకే తప్పు చూస్తాను. ‘ఒక ప్రాంతంలో హింస మీద గుత్తాధిపత్యం ఉన్నదే రాజ్యం’ అని రాసేస్తారు. వెబర్ అన్నది ‘న్యాయబద్ధమైన’ బలప్రయోగం మీద గుత్తాధిపత్యం. అది కూడా ఉన్నట్టు చెప్పుకుని నెగ్గించుకోగలగాలి అన్నాడు. ఆ ఒక్క విశేషణం జారిపోతే పాళెగానికీ ప్రభుత్వానికీ తేడా పోతుంది.

పన్ను కట్టించుకుని రసీదు కూడా ఇస్తున్నారు. మరి ప్రభుత్వమే కదా?

రసీదును తేలిగ్గా తీసిపారేయకూడదు. మాన్‌కుర్ ఓల్సన్ అనే ఆర్థికవేత్త ఒక పోలిక తెచ్చాడు. ఊరూరూ తిరిగే దొంగ ఉన్నదంతా ఊడ్చుకుపోతాడు. ఒకేచోట స్థిరపడ్డ దొంగ కొంత వదిలిపెడతాడు, ఎందుకంటే వచ్చే ఏడాది పంటలోనూ అతనికి వాటా కావాలి. అందుకని దారి బాగుచేస్తాడు, వేరే దొంగలను రానివ్వడు. రైతుకు రెండో దొంగే నయం. కానీ నయం అనడం, హక్కు ఉంది అనడం ఒకటి కాదు.

నాగాలాండ్‌లో జరిగింది చూడండి. అక్కడ సాయుధ వర్గాలు ఏళ్ళ తరబడి వ్యాపారుల దగ్గర, ఉద్యోగుల దగ్గర పన్ను వసూలు చేస్తూ వచ్చాయి. నాగా ఆశయం పట్ల గౌరవం ఉన్నవాళ్ళు కూడా కట్టారు. ఒక వర్గం రెండై, రెండు నాలుగై, ప్రతి ఒక్కరూ చీటీ పట్టుకుని వచ్చేసరికి 2013లో దిమాపూర్ జనం రోడ్డెక్కారు. ‘ఒకే ప్రభుత్వం, ఒకే పన్ను’ అన్నదే వాళ్ళ డిమాండు. ఆశయాన్ని వాళ్ళు కాదనలేదు, చీటీని కాదన్నారు. ఇది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఒక గుంపు ఆశయాన్ని ఇష్టపడినంత మాత్రాన దాని వసూలును జనం ఒప్పుకున్నట్టు కాదు.

ఇంకో సంగతి. ఎల్‌టీటీఈ పాలించిన చోట పోలీసులు, కోర్టులు, సుంకాల గేట్లు అన్నీ వాళ్ళవే. కానీ అక్కడి బడి పంతుళ్ళకు, ఆస్పత్రి సిబ్బందికి జీతాలు కొలంబో ప్రభుత్వమే పంపేది. యుద్ధం ఒకవైపు, జీతం ఒకవైపు. మనం పుస్తకంలో గీసుకునే గీత అంత తిన్నగా భూమ్మీద ఉండదు.

కోర్టులో ఏళ్ళ తరబడి తేలని తగాదాను వాళ్ళు ఒక్క పూటలో తేల్చేస్తారు. అది మంచిదే కదా?

ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే. దీనికి మా ఇంటి సంగతి చెప్పాలి.

మా జేజినాయనకు నాలుగెకరాల నల్లరేగడి ఉండేది. పక్క చేనాయన గట్టు జరిపాడు. ఒక ఏడాది మూర, మరుసటి ఏడాది ఇంకో మూర. సర్వే రాయి ఎప్పుడో మాయమైంది. జేజినాయన కోర్టుకు పోయాడు. వాయిదాల కాగితాలన్నీ ఒక ఎర్రగుడ్డలో మూట కట్టి దూలానికి వేలాడదీసేవాడు. నేను ఆడుకునే వయసులో ఆ మూట పిడికెడు ఉండేది, హైస్కూలుకు వచ్చేసరికి తలగడంత అయింది. తీర్పు మాత్రం రాలేదు.

చివరికి ఊళ్ళో పెద్దాయన పిలిపించాడు. ఆయన సర్పంచు కాదు, అధికారి కాదు. ఆయన అరుగు చుట్టూ ఎప్పుడూ పదిమంది ఉండేవాళ్ళు, వాళ్ళు ఉత్త చేతులతో ఉండేవాళ్ళు కాదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఇద్దరినీ కూర్చోబెట్టి, ఊళ్ళో ముసలివాళ్ళను నలుగురిని అడిగి, ‘రాయి చింతచెట్టుకు ఇవతల పాతండి’ అన్నాడు. గంట కూడా పట్టలేదు. న్యాయంగా చూస్తే ఆ తీర్పు సరైనదే. మా భూమి మాకు వచ్చింది. పక్క చేనాయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఓళిగలు చేశారు.

మూడేళ్ళ తర్వాత ఆ పెద్దాయనకూ ఎదుటి వర్గానికీ పడలేదు. మా చిన్నాయనకు కబురొచ్చింది, బండి వెనక మనిషిగా రమ్మని. పోను అనడానికి లేదు, గట్టు రుణం ఉంది. రెండేళ్ళు తిరిగాడు. ఇంటికొచ్చేసరికి ఎడమచేతికి రెండు వేళ్ళు లేవు. జేజి ఒకటే మాట అనేది: ‘గట్టు మనదాయె, పిల్లోడు వాళ్ళోడాయె.’

తీర్పు తొందరగా రావడం గొప్ప విషయమే. అఫ్గానిస్తాన్‌లో 2021కి ముందే చాలా జిల్లాల్లో జనం భూమి తగాదాలకు తాలిబన్ ఖాజీల దగ్గరకు పోయేవాళ్ళు, ఎందుకంటే ప్రభుత్వ కోర్టులో లంచం అడిగేవాళ్ళు. ఆ జనాన్ని తప్పుపట్టలేను. మా జేజినాయనను తప్పుపడతానా? కానీ తీర్పును కొలిచేటప్పుడు గెలిచినవాణ్ణి కాదు, ఓడినవాణ్ణి అడగాలి. ఆ పక్క చేనాయన ‘ఇది తప్పు’ అని ఎక్కడికి పోయి చెప్పుకోవాలి? మా కోర్టు నత్తలాగా నడిచింది, కానీ దానిపైన ఇంకో కోర్టు ఉంది. పెద్దాయన అరుగు మీద ఆకాశమే ఉంది.

జనం మద్దతు ఉందో లేదో తెలిసేదెలా?

ఆయుధం అక్కడున్నంత కాలం తెలియదు. పక్కకు పెట్టాకే తెలుస్తుంది. అలా పక్కకు పెట్టిన రెండు సందర్భాలు మన కళ్ళముందే ఉన్నాయి.

నేపాల్‌లో మావోయిస్టులు 1996 నుంచి పదేళ్ళు యుద్ధం చేశారు, పల్లెల్లో జన అదాలత్‌లు నడిపారు, 2006లో శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టారు. 2008 ఎన్నికల్లో అందరికంటే పెద్ద పార్టీగా వచ్చారు. కొలంబియాలో ఫార్క్ గెరిల్లాలు యాభై ఏళ్ళు పోరాడారు, పెద్ద పెద్ద ప్రాంతాలు వాళ్ళ అదుపులో ఉండేవి. 2016 ఒప్పందం తర్వాత పార్టీ పెట్టి 2018లో పోటీ చేస్తే ఒక్క శాతం ఓట్లు కూడా రాలేదు. ఒప్పందం ప్రకారం పది సీట్లు ముందే కేటాయించారు కాబట్టి పార్లమెంటులో కూర్చోగలిగారు.

తుపాకీ ఉన్నప్పుడు రెండు చోట్లా జనం మాట విన్నారు, అన్నం పెట్టారు, పన్ను కట్టారు. అప్పుడు చూసినవాళ్ళు ఏది మద్దతో, ఏది భయమో చెప్పలేకపోయేవాళ్ళు. నేపాల్ ఎన్నికల్లో కూడా బెదిరింపులు ఉన్నాయన్న ఆరోపణలు వచ్చాయి, అది మరిచిపోకూడదు. అయినా తేడా చిన్నది కాదు.

ఎన్నికల్లో గెలిస్తే ఇక పేచీ లేదు కదా?

2006 జనవరిలో పాలస్తీనా ఎన్నికల్లో హమాస్ 132 సీట్లలో 74 గెలిచింది. ఆ ఎన్నికలు పద్ధతిగానే జరిగాయని అంతర్జాతీయ పరిశీలకులు చెప్పారు. ఆ ఫలితాన్ని బయటి దేశాలు ఒప్పుకోకపోవడం అన్యాయమని వాదించేవాళ్ళున్నారు, ఆ వాదనలో బలం ఉంది. కానీ 2007 జూన్‌లో హమాస్ ప్రత్యర్థి ఫతాను బలంతో తరిమి గాజాను గుప్పిట్లోకి తీసుకుంది. ఆ తర్వాత అక్కడ పార్లమెంటు ఎన్నికలు లేవు. 2006లో పుట్టిన పిల్లలు పెరిగి పెద్దవాళ్ళయ్యారు, తమను ఎవరు పాలించాలో ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎన్నిక ఇచ్చే హక్కుకు గడువు ఉంటుంది. మన సర్పంచుకైనా అంతే.

గెలిచాక కూడా ఆయుధం తన దగ్గరే పెట్టుకోవడం ఇంకో చిక్కు. లెబనాన్‌లో హిజ్బొల్లా 1992 నుంచి ఎన్నికల్లో పోటీ చేస్తోంది, ఎంపీలు, మంత్రులు అయ్యారు. ఒక చేతిలో ఓటు, ఒక చేతిలో రాకెట్ ఉన్నవాడితో ఒట్టి ఓటు మాత్రమే ఉన్నవాడు చర్చలో సమానంగా ఎలా కూర్చుంటాడు?

తెలంగాణ సాయుధ పోరాటంలో గ్రామరాజ్యాల సంగతేమిటి? వాటినీ ఇలాగే చూస్తారా?

చూడాలి, కానీ ఎదురుగా ఎవరున్నారో కూడా చూడాలి. 1946 నుంచి 1951 వరకు సాగిన ఆ పోరాటంలో మూడు వేల గ్రామాల్లో గ్రామరాజ్యాలు ఏర్పడ్డాయని, పది లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ చెప్పుకుంది. వెట్టి ఆగింది. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనిషి చెప్పులేసుకుని నడిచాడు. ఎదురుగా ఉన్నది ఓటు లేని నిజాం రాజ్యం, ఊళ్ళ మీద పడ్డ రజాకార్లు. అక్కడ జనానికి ‘కోర్టుకు పో, ఓటు వెయ్యి’ అని చెప్పడానికి నోరు రాదు. నా లెక్కలో ఆ గ్రామ కమిటీలకు న్యాయబద్ధత ఉంది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిశాక పరిస్థితి మారింది. పోరాటం కొనసాగించాలా, ఆపాలా అని ఆ ఉద్యమంలోనే పెద్ద చర్చ నడిచింది. 1951 అక్టోబరులో విరమించారు, 1952 ఎన్నికల్లో పోటీ చేశారు, చాలా సీట్లు గెలిచారు. ఎదుటి రాజ్యం మారితే తుపాకీకి ఉన్న కారణం కూడా మారుతుందని ఆ తరం ఒప్పుకుంది.

మరి జనతన సర్కార్? అడవిలో ప్రభుత్వమే లేని చోట వాళ్ళు చెరువులు తవ్వించారు, ఆకు రేటు పెంచారు.

ఇవి అబద్ధాలు కావు. బీడీ ఆకు కట్టకు కాంట్రాక్టర్ ఇచ్చే కూలి పెరగడానికి, ఫారెస్టు గార్డుల దౌర్జన్యం తగ్గడానికి వాళ్ళ ఒత్తిడి కారణమని ఆ ప్రాంతాలు చూసినవాళ్ళు రాశారు. ఆదివాసీకి పట్టా ఇవ్వని, బడి పెట్టని రాజ్యానికి దీని మీద తీర్పు చెప్పే ముందు తన ముఖం చూసుకోవాల్సిన బాధ్యత ఉంది.

కానీ ప్రజాకోర్టు గురించి అడగండి. ఇన్‌ఫార్మర్ అని ఆరోపించేది దళం, విచారించేది దళం, శిక్ష వేసేది దళం. చుట్టూ కూర్చున్న ఊరివాళ్ళు చేతులెత్తుతారు. ఆయుధాల నడుమ ఎత్తిన చేతిని అంగీకారం అని నేను అనలేను. చనిపోయినవాడి భార్య మరునాడు ఎక్కడికి పోయి అడగాలి?

నల్లమల అంచున ఒక ఊరి నుంచి వచ్చిన విద్యార్థిని తన అవ్వ సంగతి చెప్పింది. రాత్రి దళం వచ్చి అన్నం అడిగితే వండి పెట్టింది. పొద్దున్నే పోలీసులు వచ్చారు. ఇంటి ముందు బోర్లించిన గిన్నె చూసి, ‘ముగ్గురున్న ఇంట్లో ఇంత పెద్ద గిన్నె ఎందుకు కడిగావు?’ అని అడిగారట. ఆ తర్వాత ఆమె ఎంతమందికి వండినా చిన్న గిన్నెలోనే, నాలుగు వాయలుగా వండేది. ఆ అవ్వను ఇద్దరూ ‘మా జనం’ అనే చెప్పుకున్నారు.

ప్రభుత్వమే అన్యాయం చేస్తే దానికి మాత్రం న్యాయబద్ధత ఎక్కడిది?

సరైన ప్రశ్న. ప్రభుత్వం కాబట్టి పుట్టుకతో న్యాయబద్ధత ఉంటుందని నేను నమ్మను. ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో ఆదివాసీ యువకుల చేతికే తుపాకులు ఇచ్చి మావోయిస్టుల మీదికి పంపారు. ఊళ్ళు కాలిపోయాయి. 2011 జులై 5న సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పింది.

నాకు ఇక్కడ కనిపించే తేడా ఇదీ. ఆ కేసు వేసినవాళ్ళు ప్రభుత్వాన్ని దాని కోర్టులోనే నిలదీశారు, గెలిచారు. తీర్పు అమలు సంగతి వేరు, దాని మీద నాకు చాలా కోపం ఉంది. కానీ ఏ దళంలోనైనా ఆ దళం చేసిన పని తప్పని తీర్పు చెప్పగల కోర్టు ఉందా? ఎన్‌కౌంటర్ పేరుతో చంపేసే ప్రభుత్వం ఆ తేడాను తన చేతులతోనే చెరిపేసుకుంటోంది.

చర్చలు జరిపితే గుర్తింపు ఇచ్చినట్టే కదా? మరి ఎందుకు జరపాలి?

1949 జెనీవా ఒప్పందాలన్నింటిలోనూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణం అంతర్యుద్ధాల గురించి మాట్లాడుతుంది. గాయపడ్డవాళ్ళను, లొంగిపోయినవాళ్ళను మానవత్వంతో చూడాలన్న నియమం రెండు పక్షాలకూ వర్తిస్తుంది. దీనివల్ల ఏ పక్షం హోదా కూడా మారదు అని అందులోనే స్పష్టంగా రాశారు. అంటే మాట్లాడటం, నియమాలు పాటించమని అడగడం ఒకటి, ‘నువ్వు ప్రభుత్వానివి’ అని ఒప్పుకోవడం వేరొకటి.

2004 అక్టోబరు మనకు గుర్తే. నల్లమల నుంచి చిన్నారుట్ల దగ్గర మావోయిస్టు ప్రతినిధులు బయటికి వస్తే చూడటానికి జనం పోటెత్తారు. మాజీ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి లాంటి పెద్దలు ఏళ్ళ తరబడి చేసిన ప్రయత్నం అది. హైదరాబాదులో ప్రభుత్వం, వాళ్ళు నాలుగు రోజులు కూర్చుని మాట్లాడుకున్నారు. భూపంపిణీ గురించి, ఆయుధాలతో ఊళ్ళలో తిరగడం గురించి. 2005 జనవరికి అంతా తెగిపోయింది, ఆగస్టులో మళ్ళీ నిషేధం వచ్చింది. చర్చలు విఫలమయ్యాయి కాబట్టి జరపడమే తప్పు అంటారు కొందరు. ఆ కొద్ది నెలలు నల్లమల పల్లెల్లో జనం కొంత ఊపిరి పీల్చుకున్నారు. నాకు అది చిన్న విషయంగా కనిపించదు.

ఫ్యాక్షన్ నాయకుడూ ఇలాంటి పాలకుడేనా?

కొంత వరకే. పెద్దాయన అరుగు మీద తీర్పు పాళెగాని కాలం నాటిదే. కానీ ఫ్యాక్షన్ నాయకుడు ప్రభుత్వానికి బదులుగా ఇంకో ప్రభుత్వం పెట్టడు. ఉన్న ప్రభుత్వాన్నే తన ఇంటికి తెచ్చుకుంటాడు: కాంట్రాక్టు, సర్పంచు పదవి, పోలింగ్ బూతు, అన్నీ. అందుకే అతన్ని పట్టుకోవడం కష్టం.

తాలిబన్ గెలిచేసింది. ఇప్పుడైనా ప్రభుత్వమని ఒప్పుకోవాలా?

2021 ఆగస్టు 15న కాబూల్ వాళ్ళ చేతికొచ్చింది. దేశమంతా వాళ్ళ అదుపులో ఉంది, పన్నులు వసూలవుతున్నాయి. జనాభా, భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో వ్యవహరించే సత్తా అని 1933 మాంటెవిడియో ఒప్పందం చెప్పిన నాలుగూ అఫ్గానిస్తాన్ దేశానికి ఉన్నాయి. కానీ దేశాన్ని గుర్తించడం, ఫలానావాళ్ళను దాని ప్రభుత్వంగా గుర్తించడం రెండు వేరు వేరు పనులు. మొదటిసారి పాలించినప్పుడు వాళ్ళను గుర్తించినవి పాకిస్తాన్, సౌదీ అరేబియా, యూఏఈ మాత్రమే. ఈసారి 2025 జులైలో రష్యా గుర్తించింది. మన దేశం 2025 అక్టోబరులో కాబూల్‌లోని తన టెక్నికల్ మిషన్‌ను రాయబార కార్యాలయంగా మారుస్తున్నట్టు చెప్పింది, ప్రభుత్వంగా గుర్తిస్తున్నామని మాత్రం అనలేదు.

గుర్తింపు దేశాల అవసరాల లెక్క. ఆరో తరగతి దాటాక బడి గేటు దగ్గర ఆగిపోయిన పిల్ల వైపు నుంచి చూడండి. ఆ పిల్లను ఎవరూ ఏమీ అడగలేదు, అడగబోవడం లేదు. వందమంది రాయబారులు వచ్చినా ఆమె విషయంలో ఆ పాలనకు న్యాయబద్ధత ఒక్క వీసం పెరగదు. నా క్లాసులో సగం మంది అమ్మాయిలే. ఈ జవాబు చెప్పేటప్పుడు గొంతు మామూలుగా ఉంచుకోవడం నాకు కష్టం.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మరి? అప్పట్లో ఆయన్నూ దోపిడీదారు అన్నారు కదా.

అన్నారు. పాళెగాళ్ళ వంశం, నెలకు పదకొండు రూపాయల చిల్లర పింఛను మీదికి వచ్చిన కుటుంబం. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీద పడ్డాడు. ఇనాం భూముల మీద ఊరి కాపలా కాసే కట్టుబడులు, ఆ ఇనాములు పోతాయని భయపడి ఆయన వెంట నడిచారు. 1847 ఫిబ్రవరి 22న ఉరితీశారు. తలను కోవెలకుంట్ల కోటకు వేలాడదీసి 1877 దాకా అలాగే ఉంచారు. ముప్పై ఏళ్ళు. ఇప్పుడు ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరు.

దీన్ని చూపించి ‘చరిత్రే తేలుస్తుంది’ అంటారు పిల్లలు. నేను సగమే ఒప్పుకుంటాను. ఆయన పోరాడింది ప్రజలకు ఏ నోరూ ఇవ్వని కంపెనీ మీద, అందుకే మనకు ఆయన వీరుడు. కానీ తిరగబడే హక్కు ఉండటం, తిరగబడ్డాక పాలించే హక్కు ఉండటం ఒకటి కాదు. ఆయనకు పాలించే అవకాశం రాలేదు. వస్తే కావలి రుసుం తిరిగి మొదలయ్యేదా, ఇంకేదైనా వచ్చేదా? తలను ముప్పై ఏళ్ళు వేలాడదీయాల్సి వచ్చిందంటే, కంపెనీకీ, 1858లో దాని చోట వచ్చిన బ్రిటిష్ ప్రభుత్వానికీ తమ న్యాయబద్ధత మీద ఎంత నమ్మకం ఉందో మాత్రం తెలుస్తోంది.

పరీక్షలో ఏ పక్షం తీసుకుని రాయాలి?

పక్షం కాదు, తేడాలు రాయండి. అదుపు, సేవ, అంగీకారం మూడింటినీ కలిపేయకుండా విడదీసి రాస్తే మార్కులు వస్తాయి. వెబర్ విశేషణం మరిచిపోవద్దు.

ఆ గుంపు ఓడిపోయాక, వాళ్ళ పాలనలో జరిగిన పెళ్ళిళ్ళు, పుట్టుకలు చెల్లుతాయా?

ఇది ఇద్దరు ముగ్గురే అడిగారు, కానీ నాకు బాగా నచ్చిన ప్రశ్న. అమెరికా అంతర్యుద్ధం తర్వాత 1869లో అక్కడి సుప్రీంకోర్టుకు ఇలాంటి చిక్కే వచ్చింది. తిరుగుబాటు రాష్ట్రాల ప్రభుత్వాలు చట్టవిరుద్ధమే, అయినా పెళ్ళిళ్ళు, ఆస్తి బదిలీల లాంటి మామూలు బతుకుకు సంబంధించిన పనులు చెల్లుతాయని చెప్పింది. నమీబియాను దక్షిణాఫ్రికా పట్టుకుని ఉండటం చట్టవిరుద్ధమని 1971లో చెప్పిన అంతర్జాతీయ న్యాయస్థానం కూడా జనన, మరణ, వివాహ నమోదులను మాత్రం కొట్టిపారేయకూడదంది. పాలకుడు దొంగే కావచ్చు, పెళ్ళి దొంగది కాదు.

ఇరాక్‌లో అలా జరగలేదు. 2014 నుంచి 2017 వరకు మోసుల్‌ను పట్టుకున్న ఐసిస్ తన ముద్రతో జనన పత్రాలు, పెళ్ళి కాగితాలు ఇచ్చింది. నగరం విడిపించాక ప్రభుత్వం వాటిని ఒప్పుకోలేదు. ఆ కాగితం ఉన్నా ఇబ్బందే, ఎవరికి పుట్టాడో అని అనుమానిస్తారు. అది లేకుంటే పుట్టినట్టే రుజువు లేదు. వేలమంది పిల్లలు బడిలో చేరడానికి, టీకా వేయించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఒక్కో తల్లి సాక్షులను వెంటబెట్టుకుని కోర్టుకు పోయి, ఫలానా రోజు, ఫలానా ఇంట్లో, ఈ బిడ్డను నేనే కన్నాను అని నిరూపించుకోవాల్సి వచ్చింది.